పిట్టలకు నాలుగు నెలల గడువు

పిట్టలను చూసి కుళ్ళుకున్న ఆడమనిషిని మీరు చూసి ఉండరు. నేను కుళ్ళుకున్నాను. ఒకరోజు రెండు రోజులు కాదు, దగ్గర దగ్గర ఏడాది పాటు. చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. ఆ పిట్టలకు దొరికిన మర్యాదలో పావు వంతు నాకు దొరికి ఉంటే మీరంతా నన్ను చూసి కుళ్ళుకునేవారు.

మాది బెంగళూరు చివర వర్తూరు. చెరువు నుంచి మురికి నురగతో బయటికి పోయే పెద్ద కాలువ మీద ఒక పాత బ్రిడ్జి ఉండేది. ఇవతల పాత ఊరు, అవతల అపార్ట్‌మెంట్లు. బ్రిడ్జి దిగగానే కుడి చేతివైపు రెండో గది నా కొట్టు. జాకెట్లు కుడతాం, చీరలకు ఫాల్ వేస్తాం, పీకో చేస్తాం. కత్తెర పని నాది, మిషన్ల మీద ఇద్దరు ఆడవాళ్ళు. మా గిరాకీ చాలావరకు అవతలి గట్టు నుంచి నడిచి వచ్చేది. అపార్ట్‌మెంట్ల ఆడవాళ్ళు సాయంత్రం వాకింగ్ అని బయలుదేరి, బ్రిడ్జి దాటి, నాకొక జాకెట్ గుడ్డ ఇచ్చి, పక్క కొట్టులో కొత్తిమీర కట్ట కొనుక్కుని తిరిగి వెళ్ళేవారు. బ్రిడ్జి సర్కారుదని కాగితాల్లో ఉండవచ్చు. నా వరకు అది నా కొట్టు గుమ్మం. అది మూసేస్తే నా కొట్టు మూసేసినట్టే.

అందుకే కొత్త బ్రిడ్జి కడతారంటే అందరికంటే ముందు సంతోషపడింది నేను. పాతది ఇరుకు. రెండు కార్లు ఎదురైతే ఎవరో ఒకరు వెనక్కి పోవాలి, బెంగళూరులో వెనక్కి పోయేవాడు ఇంకా పుట్టలేదు. కొత్తదానికి దారి వెడల్పు చేయాలని ఒకరోజు వచ్చి నా కొట్టు ముందున్న జగలి మీద ఎర్ర రంగుతో గీత గీశారు. వచ్చినవాళ్ళు కూర్చునే అరుగు అది. పైన రేకు కూడా నేనే వేయించాను. చేతిలో ఒక కాగితం పెట్టారు. ఏడు రోజులు. నేను ఆఫీసుకు వెళ్ళి వాదించాను, రెండో ఆఫీసుకు వెళ్ళి ఇంకా గట్టిగా వాదించాను. ఎనిమిదో రోజు పొద్దున జేసీబీ వచ్చింది, నేను అడ్డంగా నిలబడి అరుస్తూ ఉండగానే పక్క నుంచి వంగి జగలిని ఎత్తుకుపోయింది. ఆ రోజు నుంచి నా కొట్టు గడప దిగితే నేరుగా మట్టి రోడ్డు.

సరే, పని మొదలైంది. పాత బ్రిడ్జిని నిలువునా రెండు భాగాలు అనుకుని ఎడమ సగం ముందు కొట్టారు, కుడి సగం మీద జనం నడవాలని. కొట్టేటప్పుడు కుడి సగానికి కూడా పగుళ్ళు వచ్చాయని దాన్నీ రేకులు అడ్డం పెట్టి మూసేశారు. అయినా నేనేమీ అనలేదు. కొన్ని నెలలే కదా అనుకున్నాను.

ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున మిషన్ చప్పుడు వినపడలేదు. పది గంటలైనా వినపడలేదు. నేను టేపు మెడలో వేసుకునే బయటికి వచ్చాను. సైట్ ఇంజనీరు, అనంతపురం వైపు అబ్బాయి, తల మీద హెల్మెట్ ఉన్నా ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమప్పా, మిషన్ యాల నిలిపేస్తివి?"

"నేను నిలపలేదక్కా. ఆర్డర్ వచ్చింది. ఆ సగం బ్రిడ్జి కింద పిట్టలు గుడ్లు పెట్టినాయంట."

"పిట్టలు గుడ్లు పెట్టక ఇడ్లీలు పెడతాయా?"

"పెట్టనీలేక్కా. గుడ్లున్న గూడు కొడితే కేసు. వన్యప్రాణుల చట్టం. అవతల అపార్ట్‌మెంటోళ్ళు ఫోటోలు తీసి అడవి శాఖకు పంపినారు."

"ఈడ వనం యాడ ఉండాదప్పా? కాలువ ఉండాది, నురగ ఉండాది, నువ్వుండావు."

"నన్నడిగితే నేనేం చెప్పాలక్కా. నేను సివిల్ చదివినోణ్ణి."

"ఎన్ని దినాలు?"

"పిల్లలు ఎగిరిపోయేదాకా. నాలుగు నెలలంటాండారు."

"నా జగలికి ఏడు దినాలిచ్చినారు. నాలుగు నెలలు కావాలంటే నేనేం చేయాల్సింది?"

"గుడ్లు పెట్టాల్సింది," అన్నాడు. నా వెనక కొట్టులో రెండు మిషన్లూ ఆగి, ఇద్దరూ పగలబడి నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అన్ని ఫోటోలు తీసి పంపినవాళ్ళలో నా దగ్గర జాకెట్లు కుట్టించుకునేవాళ్ళు కూడా ఉంటారు కదా. నా జగలి పోయిన రోజు ఒక్కరూ ఒక్క ఫోటో తీయలేదు.

ఆ పిట్టలను పుస్తకాల్లో వానకోయిలలు అంటారు. మా వీధిలో అందరికీ అవి బ్రిడ్జి పిట్టలు. పిడికిలంత ఉంటాయి, కూర్చోవడం తెలియదు, ఎప్పుడూ కాలువ మీద గింగిరాలు కొడుతూ దోమలు పట్టుకుంటాయి. ముక్కుతో బురద ఉండలు తెచ్చి, బ్రిడ్జి అడుగున ఒకదానికొకటి అంటించి, సన్నమూతి కుండల్లాంటి గూళ్ళు కడతాయి. నేను బీఎస్సీ జువాలజీ చదివాను కాబట్టి ఇదంతా తెలుసు. చదివానని ఇప్పుడు చెప్పడం ఎందుకంటే, తర్వాత వచ్చిన మనిషి కూడా అదే చదివింది.

మార్చిలో అడవి శాఖ జీపు వచ్చి ఆగింది, పిట్టల సంగతి చూసే ఆఫీసరు దిగింది. మోకాళ్ళ దాకా బూట్లు, చేతులు మడిచిన చొక్కా, గుడ్డ టోపీ, మెడలో బైనాక్యులర్. ఇంజనీరు గొడుగు పట్టుకుని పరిగెత్తాడు. ఆమె గొడుగు వద్దని, ఒక చెయ్యి నడుము మీద పెట్టుకుని గట్టు దిగింది. ఆ చెయ్యి చూడగానే గుర్తుపట్టాను. కాలేజీలో డిసెక్షన్ బల్ల ముందు కూడా అట్లాగే నిలబడేది, కప్పను తను కోయకుండా.

ఆడపిల్లల కాలేజీలో మూడేళ్ళు ఒకే బెంచీ మీద కూర్చున్నాం. వాళ్ళ నాన్నకు ఇక్కడ ఫ్యాక్టరీలో ఉద్యోగమని కోస్తా నుంచి వచ్చారు. నా బెంగళూరు తెలుగు విని ముసిముసిగా నవ్వేది. ఫైనలియర్‌లో నాకు రెండో స్థానం, ఆమెకు నాలుగు. ఇది నేనే రాసుకోవాలి, ఇంకెవరికీ గుర్తుండదు. ఆమె ఎమ్మెస్సీకి వెళ్ళింది. మా ఇంట్లో నా డిగ్రీ పెళ్ళి కార్డు మీద పేరు పక్కన అచ్చు వేయించడానికి పనికొచ్చింది, ఆ పని అయిపోయాక దానితో ఎవరికీ పని పడలేదు.

గట్టు మీద దారి పనికి ఒక జేసీబీ ఇంకా మట్టి సర్దుతోంది. ఆమె నోరు తెరవకుండా చెయ్యి పైకెత్తింది. జేసీబీ ఆగిపోయింది. డ్రైవరు దిగి చేతులు కట్టుకున్నాడు. అదే బండి. నేను గొంతు పోయేలా అరిచినా ఆగని బండి.

కాసేపటికి మంచినీళ్ళ కోసం నా కొట్టుకే వచ్చింది. నేను గుర్తుపట్టనట్టు నటించాను. తను గుర్తుపట్టేసింది.

"నువ్వేనా? మన బ్యాచే కదూ? అందరికీ రికార్డులు గీసేదానివి."

"గీసిచ్చేదాన్ని. నీక్కూడా."

"నాకు కప్ప గుండె గీసిచ్చావు. సార్ చూసి ఇది నీ చేత్తో గీసింది కాదు అన్నారు." నవ్వుతూ గ్లాసు పైకెత్తి తాగింది. "కొట్టు బావుందే."

"బాగుండేది. నీ పిట్టలు రాకముందు."

"నా పిట్టలేంటే? నువ్వు కొట్టు పెట్టకముందు నుంచీ ఉన్నాయవి."

"అవునా? మరి అద్దె కట్టినాయా?"

ఇంత మాట్లాడినా ఆమెకు కోపం రాలేదు. అదే నన్ను ఎక్కువ మండించింది. జుట్టుకు రంగు వేయలేదు, ముఖం ఎండకు కమిలిపోయింది, గోళ్ళలో మట్టి. అయినా ఆమెను చూసి ఎవరూ జాలిపడరు. ఆమె ఏ ఊరు వెళ్ళినా ఇంట్లో కూర ఏమిటని ఎవరూ ఫోన్ చేయరు. ఆమె "ఊఁ" అన్నా ఇంజనీరు పుస్తకంలో రాసుకుంటాడు. నా మాట ఎవరైనా రాసుకున్నారంటే అది ఛాతీ ముప్పై ఆరు, చెయ్యి తొమ్మిది, అదీ నేను రాసుకున్నదే. ఆమె వెళ్ళాక గ్లాసు కడగకుండా పక్కన పెట్టి, అద్దంలో నా రంగు వేసిన జుట్టు చూసుకుని, ఎందుకు వేస్తున్నానా అని ఆలోచించాను. మళ్ళీ నెల వేశాను లెండి.

పని ఆగిపోయిన ఇంజనీరుకు ఎక్కడికీ పోవడానికి లేదు, సైటు వదలకూడదట. రోజూ నా కొట్టు ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకునేవాడు. నాలుగు నెలలు ఆగడమంటే ఏమిటో నాకు అతనే నేర్పాడు. కదలని క్రేన్ కూడా అద్దె తింటుంది. కూలీలు వేరే సైటుకు పోతారు, తిరిగి రమ్మంటే పాత కూలికి రారు. తెచ్చిపెట్టిన ఇనుము తుప్పు పడుతుంది, కొత్త ఇనుము పాత ధరకు రాదు. అప్పుడు ఎస్టిమేట్ మళ్ళీ వేయాలి. అది ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదకు నడవాలి. ఖర్చు మరీ పెరిగితే పైవాళ్ళు ఒప్పుకోరు కాబట్టి ఏదో ఒకటి కోసేయాలి.

"ఏం కోసినారు?"

"ఫుట్‌పాత్ తీసేసినారక్కా. మెట్లు కూడా."

"అంటే పిట్టలు కూర్చున్నందుకు నడిచేటోళ్ళు కడతాండారు."

"అట్ల చెప్పకూడదు. నిజం చెప్పాలంటే తప్పు మాది. మొదలుపెట్టక ముందు కింద వంగి చూసుంటే, ఆ సగం కూడా పిట్టలు రాకముందే కొట్టేసేటోళ్ళం. అవి యాడికో పోయి కట్టుకునేవి. పైన ఎన్ని లారీలు పోతాయో మూడుసార్లు లెక్కపెట్టినారు. కింద ఎవురూ చూళ్ళేదు."

వాడు నిజాయితీ గల పిల్లవాడు. కానీ నాకు ఆ రోజుల్లో న్యాయం అక్కరలేదు, బ్రిడ్జి కావాలి. అవతలి నుంచి రావాలంటే చుట్టూ తిరిగి, రెండు సిగ్నళ్ళు దాటి, ముప్పావు గంట. జాకెట్ కోసం ముప్పావు గంట ఎవరు వస్తారు? ఏప్రిల్‌లో ఒక పాత కస్టమర్ మెసేజ్ పెట్టింది, మా బ్లాక్ కిందనే బొటీక్ తెరిచారు అక్కా, ఈసారికి అక్కడిచ్చాను, ఏమీ అనుకోకు అని. నేను అనుకున్నాను. ఆ బొటీక్ పేరు, దాని గాజు తలుపు, లోపలి ఏసీ, అన్నీ ఫోన్‌లో చూసి మరీ అనుకున్నాను. మే నెలలో నా ఇద్దరు మిషన్ వాళ్ళలో పెద్దామె చందాపురలో గార్మెంట్ కంపెనీకి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు ఏడ్చింది. నేను వద్దనలేకపోయాను, కుట్టడానికి గుడ్డ ఉంటేగా.

జూన్‌లో పిల్లలు ఎగిరిపోయాయి. బ్రిడ్జి వస్తుందనుకున్నాను. వాన వచ్చింది. కాలువ నిండా నీళ్ళుంటే పునాది దిగదు, పైది కొట్టి కాలువలో పడేస్తే ఊరు మునుగుతుంది. పిట్టలకిచ్చింది నాలుగు నెలలే, కానీ ఆ నాలుగు నెలలు ఎండాకాలానివి. మిగిలినదంతా వాన తీసుకుంది. నవంబరులో కాలువ తగ్గింది. గూళ్ళు ఖాళీ. నా జువాలజీ స్నేహితురాలు వచ్చి చూసి, ఖాళీ గూళ్ళు గీకేసి అడుగున నెట్ కట్టండి, పిట్టలు రాకముందే కొట్టేయండి అని రాసిచ్చి పోయింది. అంతకన్నా మంచి కాలం లేదు. కానీ కొత్త ఎస్టిమేట్ ఇంకా ఎవరి బల్ల మీదో ఉంది, నెట్ అందులో లేదట, నెట్‌కు వేరే కాగితం పెట్టాలట. గూళ్ళు మాత్రం గీకేశారు. నెట్ జనవరి చివర్లో వచ్చింది. పిట్టలు దానికంటే ముందు వచ్చాయి.

"ఇంకో పది పదహైదు దినాలక్కా," అన్నాడు ఇంజనీరు. ముఖంలో రక్తం లేదు. "కొట్టే మిషన్ వచ్చేది ఆ తర్వాతే. పిట్టలు దిగినంక మేడమ్ చూడకుండా నెట్ కూడా కట్టకూడదు, అప్పుడు వచ్చి చూస్తుంది. గుడ్లు లేకుంటే నెట్ కట్టుకోని కొట్టొచ్చు. గుడ్లుంటే మళ్ళా జూన్."

మళ్ళీ జూన్ అంటే మళ్ళీ వాన, మళ్ళీ ఏడాది. ఇంకో ఏడాది నా కొట్టు నిలవదు. అప్పటికే కొట్టుగది ఖాళీ చేస్తారా అని ఒక మొబైల్ షాపువాడు అడిగి వెళ్ళాడు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, అన్నం తిని, బకెట్‌తో గుమ్మం ముందు నీళ్ళు చల్లాను. జగలి పోయినప్పటి నుంచి నాకిది రోజూ పని. పొద్దున కళ్ళాపి చల్లి ముగ్గు వేస్తాం, అది అందరూ చేసేదే. కానీ బ్రిడ్జి పని ఆగినా దారి వెడల్పు పనికి తిరిగే లారీలు లేపే ఎర్ర దుమ్ము నేరుగా వచ్చి లేతరంగు పట్టు గుడ్డల మీద పడుతుంటే ఒక్క కళ్ళాపి ఏం చాలుతుంది? రోజుకు నాలుగుసార్లు, రెండేసి బకెట్లు చల్లేవాళ్ళం. ఆ రోజు చల్లి, బకెట్ బోర్లించి, గుమ్మంలో నిలబడ్డాను. రెండు నిమిషాల్లో పది పిట్టలు దిగాయి. తర్వాత ఇరవై. రెక్కలు పైకెత్తి అల్లల్లాడిస్తూ, కాళ్ళు మాత్రం నేలకు ఆనించి, నా తడి మట్టిని ముక్కుతో చిన్న ఉండలు చేసి ఎత్తుకుని, సగం బ్రిడ్జి కిందకు దూరాయి. తిరిగి వచ్చాయి. మళ్ళీ ఎత్తుకున్నాయి.

నేను కాలువ వైపు చూశాను. రెండు వైపులా ఈ మధ్యే సిమెంటు గోడ కట్టారు. చెరువు అంచుకు కంచె వేసి పూడిక తీస్తున్నారు. కాలువ అడుగున ఉన్నది నల్లటి రొచ్చు, దాంతో గూడు కాదు కదా పిడక కూడా నిలవదు. చుట్టుపక్కల మెత్తటి మంచి ఎర్రమట్టి, తడిగా, రోజుకు నాలుగు పూటలు దొరికేది ఒక్క చోటే. ఏడాది నుంచి నేను తిట్టిపోసిన గూళ్ళకు మట్టి కలిపి ఇచ్చిన మేస్త్రీని నేనే.

నమ్మలేక పరీక్ష పెట్టాను. మర్నాడు పది అడుగులు ఎడమకు చల్లాను. అక్కడ దిగాయి. కుడికి చల్లాను. కుడికి వచ్చాయి. ఆ రెండు రోజులు నాకు ఎంత గర్వం వచ్చిందో చెప్పలేను. ఎమ్మెస్సీ చదివి, జీపులో తిరిగి, దూరాన ఉన్నదాన్ని దగ్గరగా చూసే గాజు మెడలో వేసుకున్న మనిషికి కనపడనిది, జాకెట్లు కత్తిరించే నాకు కనపడింది. మూడో రోజు నీళ్ళు మానేశాను.

"నీళ్ళు చల్లొద్దంటావు యాలక్కా? దుమ్మంతా గుడ్డల మీద పడతాండాది," అంది మిగిలిన మిషనామె.

"పడనీ. గుడ్డలు మడిచి సంచుల్లో పెట్టు."

"కుట్టేది ఎట్ల మరి?"

"రెండు జాకెట్లుండాయి కుట్టేకి. దానికి ఇంత రాద్ధాంతమా?"

వారం రోజులు నేల ఎండబెట్టాను. పిట్టలు వచ్చి నా గుమ్మం మీద తిరిగేవి. ఒకటి ఎండు మట్టి ముక్క ఎత్తి, గాలిలో వదిలేసింది. నాకు జాలి వేసిందని ఇక్కడ రాస్తే చదవడానికి బాగుంటుంది. వేయలేదు. గూళ్ళు సగం కట్టిన కప్పుల్లా ఆగిపోయాయని ఇంజనీరు వచ్చి చెబితే అతనికి టీ తెప్పించాను.

సర్వే రోజు ఆమె వచ్చింది. కర్రకు అద్దం కట్టుకుని కిందకు దిగి గంటసేపు చూసింది. ఎండ ఎక్కువైందని నా కొట్టులోనే కూర్చుని రాయడం మొదలుపెట్టింది. ఇంజనీరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, పరీక్ష ఫలితం కోసం నిలబడ్డట్టు.

"గుడ్లు లేవు," అంది. "గూళ్ళన్నీ సగంలోనే వదిలేశాయి. కొట్టుకోవచ్చు."

ఇంజనీరు గోడకు ఆనుకున్నాడు. నా చేతిలో కత్తెర అట్లాగే ఆగింది. అయిపోయింది. ఇంక నేను చేయవలసింది నోరు మూసుకోవడం, సంతకం అయ్యేదాకా. నా బతుకులో నోరు మూసుకోవలసిన సందర్భాలు కొన్ని వచ్చాయి గానీ ఇంత ముఖ్యమైనది రాలేదు.

ఆమె రాస్తూ, రాసేది తనకు తానే చదువుకుంటోంది. "పని చప్పుడు వల్ల పక్షులు ఈ స్థలాన్ని వదిలేశాయి. ఇకమీద వంతెనల దగ్గర ముందుగానే కొన్నాళ్ళు చప్పుడు చేస్తే చాలు, నెట్ అవసరం..."

"తప్పు," అన్నాను.

ఇంజనీరు ఆమె వెనక నుంచి నాకు చేతులు జోడించాడు. చూశాను. చూసి కూడా ఆగలేదు. అది పిట్టల మీద ప్రేమ కాదు, నిజం మీద భక్తి కూడా కాదు. తప్పుడు జవాబు రాసి మార్కులు ఆమె కొట్టేస్తుంటే, సరైన జవాబు నోట్లో పెట్టుకుని నేను కూర్చోలేకపోయాను. అంతే.

"చప్పుడుకు పోయేవైతే పోయినేడాది గుడ్లు పెడతాయా? అప్పుడు ఇంతకన్నా చప్పుడుండె. మట్టి లేక ఆపేసినాయి. మట్టి నేనే ఇస్తా ఉంటి. నేనే ఆపేస్తిని."

ఆమె పెన్ను కింద పెట్టింది. "ఏదీ, చల్లు."

బకెట్ తెచ్చి చల్లాను. ముగ్గురం గుమ్మంలో నిలబడ్డాం. ఐదు నిమిషాలైనా ఏమీ రాలేదు. ఇంజనీరు ముఖంలో ఆశ కనపడింది. అప్పుడు ఒకటి దిగింది. దాని వెనక పదిహేను.

ఆమె బైనాక్యులర్ ఎత్తబోయి, పది అడుగుల దూరంలోనే ఉన్నాయని దించేసింది. "ఎన్నాళ్ళయింది నీకు తెలిసి?"

"పది దినాలు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు కనపడుతుందనుకుంటిని. అంత పెద్దది మెడలో వేలాడేసుకున్నావు కదా."

ఆమె లోపలికి వెళ్ళి తను రాసిన వాక్యం కొట్టేసింది. నాకు దొరకవలసిన సంతోషం అప్పుడే దొరికింది, ఒక నిమిషం. ఆ వెంటనే భయం మొదలైంది. ఆమె ఇప్పుడు ఇంకో మాట రాయవచ్చు. పిట్టలు వదిలిపోలేదు, మట్టి దొరికితే ఇంకా కడతాయి, కాబట్టి ఆగండి అని రాయవచ్చు. దానికి సాక్ష్యం నేనే చల్లి చూపించాను. నా నోటితో నా కొట్టు మూసుకున్నానా అని నిలబడిపోయాను. ఆమె గుడ్డ కప్పిన మిషన్ వైపు చూసింది. సగం బ్రిడ్జి వైపు చూసింది. తొందరపడలేదు. ఆ తొందరపడకపోవడం కూడా నాకు లేనిదే.

"ఈ రోజు గుడ్లు లేవు. ఆ మాట మారదు," అంది చివరికి. "సాయంత్రం లోపల నెట్ కట్టండి. వారంలో కొట్టేయండి. ఇక్కడ మాత్రం ఒక్క చుక్క నీళ్ళు పడకూడదు. ఎగువన పాత మోరీ, ఆ చిన్న కల్వర్టు, ఉంది చూడండి, దాని పక్కన తడపండి. రోజుకు నాలుగుసార్లు, ఈమె తడిపినట్టే. వీలైతే అక్కడ కట్టుకుంటాయి."

"మేడమ్, మోరీకి నీళ్ళంటే ఎస్టిమేట్‌లో లేదు," అన్నాడు ఇంజనీరు. "దానికి మళ్ళా కాగితం పెట్టాల."

"దుమ్ముకు చల్లే నీళ్ళు ఉండాయి కదప్పా ఎస్టిమేట్‌లో?" అన్నాను నేను. నాలుగు నెలలు కుర్చీ వేసి కూర్చోబెట్టి పాఠం చెప్పించుకున్నది ఊరికే పోతుందా. "రోడ్డు పని అంటే దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లేది మీ కంట్రాక్టరే కదా. ఏడాది పైన చల్లింది నేను. ఆ ట్యాంకర్లు యాడికి పోయినాయి?"

అతను హెల్మెట్ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఆమె మొదటిసారి నావైపు, ఒకప్పుడు రికార్డు అడగడానికి చూసినట్టు కాకుండా, ఇంకోలా చూసింది. మర్నాడు పొద్దున మోరీ దగ్గరకు ట్యాంకర్ వచ్చింది. ఎక్కడ, ఎంత పోయాలో నిలబడి చెప్పింది నేను. పట్టు గుడ్డలు పోతున్నాయని ఇంజనీరు బ్రిడ్జికి దూరంగా రోడ్డుకూ చల్లించాడు, నా గుమ్మం వదిలేసి.

సగం బ్రిడ్జిని మూడు రోజుల్లో కొట్టేశారు. కొన్ని పిట్టలు మోరీలో కట్టుకున్నాయి, ఎక్కువ భాగం ఎటో పోయాయి. ఎటు పోయాయో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. పునాదులు వానల ముందు లేచాయి. దసరాకు రెండు వారాల ముందు బ్రిడ్జి తెరిచారు. వెడల్పుగా ఉంది. ఫుట్‌పాత్ లేదు.

ఆమె రిపోర్టు ఇంజనీరు తెచ్చి చూపించాడు. గూళ్ళ మట్టి గురించి ఒక పేజీ ఉంది, బాగా రాసింది. స్థానికంగా గమనించిన విషయం ఆధారంగా అని ఉంది. వెంటనే ఫోన్ చేశాను.

"స్థానికం అంటే ఎవరే? కాలువా, నేనా?"

"నీ పేరు రాశాను. పైన తీసేశారు."

"నీది తీసేయలేదే."

"నాది సంతకం కదే." ఆ వెంటనే, "మైసూరులో మీటింగుంది, దీని గురించే మాట్లాడమన్నారు. నువ్వూ రా," అంది.

"దసరా ముందు నాకు గిరాకీ," అని పెట్టేశాను. అబద్ధం. బ్రిడ్జి తెరిచి నాలుగు రోజులైనా అవతలి నుంచి ఎవరూ రాలేదు. నడిచే అలవాటు పోయింది, నడవడానికి జాగా కూడా లేదు.

ఐదో రోజు ఆ మెసేజ్ పెట్టిన పాత కస్టమరే స్కూటర్ మీద వచ్చింది. సంచీలోంచి కుట్టిన జాకెట్ తీసింది. బొటీక్‌లో కుట్టించినది.

"చంకల దగ్గర బిగుతైంది అక్కా. వాళ్ళకిస్తే వారం అంటారు. నువ్వైతే కూర్చోబెట్టి ఇస్తావని."

"ఇయ్యమ్మా, చూద్దాం."

లోపలి వైపు తిప్పాను. కుట్టు నిటారుగా ఉంది. అంచులు బయటికి కనపడకుండా గుడ్డలోనే మడిచి కుట్టారు. పెంచుకోవడానికి రెండు వైపులా కావలసినంత గుడ్డ వదిలారు. మెడ దగ్గర పైపింగ్ ఎక్కడా ముడత లేదు. వెలుతురులో పెట్టి ఇంకోసారి చూశాను. తప్పు దొరకలేదు.

"ఎట్లుంది అక్కా కుట్టు?" అంది ఆమె.

"ఉండాది," అన్నాను. సూది తీసుకుని విప్పడం మొదలుపెట్టాను. చంకల దగ్గర వేలెడంత విప్పితే చాలు. నేను నడుము దాకా విప్పాను.